ఏసీలో వేడిగాలా? గ్యాస్ కొట్టించేయండి!

రోహిణి కార్తెలో కారు ఏసీ వడగాలి కొడుతోందా? కంగారుపడకండి. కారణం వెతకాల్సిన పని అంతకన్నా లేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ జబ్బుకి ఒకటే పేరు, ఒకటే మందు. గ్యాస్ అయిపోయింది, గ్యాస్ కొట్టించాలి. దీనికి మెకానిక్ దాకా ఎందుకు, పక్క సీట్లోని బావమరిది తేల్చేస్తాడు, వెనక సీట్లోంచి మావయ్య అవునంటాడు.

ముందుగా, పెట్రోలు అయిపోయినట్టే ఏసీ గ్యాసూ తిరిగినకొద్దీ ఖర్చవుతుందని గట్టిగా నమ్మండి. మూసి ఉన్న గొట్టాల్లో అది కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కీ, అక్కణ్ణుంచి డ్యాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్‌కీ, మళ్ళీ కంప్రెసర్‌కీ తిరుగుతుందే తప్ప ఎక్కడా కాలిపోదని ఎవరైనా చెప్పబోతే మాట మార్చేయండి. ఏళ్ళ తరబడి రబ్బరు గొట్టాల్లోంచి కాస్త కాస్త పోవడం వేరు, ఏటా వేసవికి ఖాళీ కావడం వేరు అంటారు, చాదస్తులు. లీకు కనిపెట్టి బాగుచేయిస్తే ఒక్కసారితో పని అయిపోతుంది. అదే కొట్టిస్తూ పోతే ఏటా ఉగాది వెళ్ళగానే ఆటోనగర్ వెళ్ళొచ్చు, షెడ్డువాళ్ళు ఇప్పించిన టీ తాగొచ్చు. కారిన గ్యాసంతా గాల్లోకే పోతుంది, నిజమే. కార్లలో ఎక్కువగా వాడిన ఆర్134ఏ అనే గ్యాస్ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కి వెయ్యి రెట్లకి పైమాటే. పోనివ్వండి. ఎండలు ముదిరితేనే కదా ఏసీ విలువ తెలిసేది!

షెడ్డులో మాత్రం జాగ్రత్తగా మసలుకోవాలి. బానెట్ ఎత్తగానే గొట్టాల జాయింట్ల దగ్గరో, కండెన్సర్ మూలల్లోనో జిడ్డుగా దుమ్ము పట్టిన మరక కనబడొచ్చు. చూపు తిప్పుకోండి. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిలూ అదే దారిన బయటికొస్తుంది కాబట్టి లీకు అక్కడుందని ఆ మరక మొత్తుకుంటూ ఉంటుంది. “నైట్రోజన్ నింపి, సబ్బు నురగ పెట్టి చూద్దామా సార్?” అని కుర్రాడు అడిగితే టైము లేదనండి. వాక్యూమ్ పంపు పెట్టి అరగంట లాగాలంటే అదీ వద్దనండి. లోపల తేమ మిగిలితే ఏమవుతుంది? ఆయిలుతో కలిసి ఆమ్లమై లోహాన్ని తింటుంది, ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర మంచు కట్టి దారి మూస్తుంది, అంతేగా.

ఇక కొలత. చాలా చిన్న కార్లకి పట్టేది అరకిలో లోపే. ఎన్ని గ్రాములో, ఆర్134ఏనో కొత్త ఆర్1234వైఎఫ్‌నో బానెట్ కింద స్టికర్ మీద అచ్చేసి ఉంటుంది. చదవకండి. తూకం మిషను అడగకండి. పెళ్ళి పంక్తిలో నెయ్యి వడ్డించే పిల్లాడితో అన్నట్టు “ఇంకొంచెం వెయ్యి తమ్ముడూ” అనండి. ఎక్కువైతే పీడనం పెరిగి, చల్లదనం తగ్గి, కంప్రెసర్ మూలగడం మొదలెడుతుంది. అప్పుడు కంప్రెసరే మార్చాలంటారు, మార్చేయండి. ఇంజను ఆపి గేజి ముల్లు చూపించి “ఫుల్లుగా ఉంది సార్” అన్నా నమ్మండి. లోపల గ్యాస్ కొంచెమైనా ద్రవంగా మిగిలినంతసేపూ ఆ ముల్లు చెప్పేది అక్కడి వేడి సంగతే తప్ప గ్యాస్ ఎంతుందో కాదు. ఈ ముక్క ఎవరితోనూ అనకండి.

ఒక్క చోట మాత్రం ఎకసెక్కాలు వద్దు. చవగ్గా వస్తుందని ఎవరైనా వంటగ్యాసు కొడతానంటే కారు తీసుకుని వచ్చేయండి. కూలింగ్ కాయిల్ ఉండేది మీ మోకాళ్ళ ముందే. అక్కడ లీకైతే మంటపట్టే గ్యాసుతో కలిసి కూర్చున్నట్టు.

సరే, గ్యాస్ సరిగ్గా ఉన్నా వేడిగాలే వస్తే? రాదు. వచ్చినా రాదనే అనుకోండి. హైవే మీద చల్లగా ఉండి బెంజి సర్కిల్ సిగ్నల్లో ఆగగానే వేడెక్కితే, ముందున్న ఫ్యాను తిరగడం లేదేమో, కండెన్సర్ రెక్కల్లో మట్టీ పురుగులూ పేరుకున్నాయేమో అని కొందరి అనుమానం. బానెట్ ఎత్తి ఫ్యాను తిరుగుతోందా లేదా చూడ్డానికి నిమిషం చాలు, రూపాయి ఖర్చు లేదు. ఖర్చు లేని పరీక్షని ఎవరు లెక్కచేస్తారు?

చాలా కార్లలో ఏసీ బటన్ నొక్కగానే కంప్రెసర్ క్లచ్ టక్కుమంటుంది. ఆ చప్పుడు లేకపోతే ఫ్యూజో, రిలేనో, ఎలుక కొరికిన వైరో కావచ్చు. గ్యాస్ మరీ తగ్గినా ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని ఆన్ కానివ్వదు. పాటలు గట్టిగా పెట్టుకుంటే ఈ గొడవేదీ వినబడదు. బానెట్ కింద లావు ఏసీ గొట్టం చేతికి చల్లగా తగులుతున్నా లోపలికి వేడిగాలే వస్తుంటే హీటర్ ఫ్లాపు ఇరుక్కుందేమో చూడాలి. చూడకుండా మళ్ళీ గ్యాసే కొట్టించండి. గాలే తక్కువొస్తుంటే ఫిల్టర్ తీయమంటారు, చాలా కార్లలో అది గ్లవ్ బాక్సు వెనకే ఉంటుంది. అందులో కిందటేటి వేపాకులూ, ఎలుక దాచుకున్న వేరుశనక్కాయలూ ఉండొచ్చు. ఒకరి సంసారం చెదరగొట్టడం మనకెందుకు?

ఇవన్నీ తు.చ. తప్పకుండా పాటించినా కారు చల్లబడకపోతే మృగశిర కార్తె దాకా ఓపిక పట్టండి. నాలుగు వానలు పడ్డాక గ్యాస్ లేని ఏసీ కూడా బాగానే పనిచేస్తుంది.