సారు అడుగుతడు, సారే చెప్తడు

విశ్వవిద్యాలయాల రేడియోల్లో అరగంట ముఖాముఖి ఒకటి ఉండి తీరుతుంది. పేరేదైనా తంతు ఒక్కటే. ఒక ఆచార్యుడు ఇంకో ఆచార్యుణ్ణి స్టూడియోకు పిలుస్తాడు. మొదటి పది నిమిషాలు అతిథి బిరుదులకే సరిపోతాయి. తర్వాతి పది నిమిషాల్లో అతిథి ఆ బాకీ తీర్చుకుంటాడు. మిగిలిన పదిలో "నేటి యువతకు మీ సందేశం?" అన్న ప్రశ్న, "కష్టపడితే సాధించలేనిది లేదు" అన్న జవాబు. పై వారం పూర్వ విద్యార్థి వంతు. ఆయన అమెరికా నుంచి ఫోన్లో కష్టపడమంటాడు.

మా ఇందల్వాయి యువత ఆ సందేశం వినకముందే కష్టపడుతున్నది, దుబాయిలో.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. చదువుల సంస్థలకు రేడియో పెట్టుకునే వీలు 2002లో వచ్చింది, 2004లో చెన్నై అన్నా విశ్వవిద్యాలయం మొదలుపెట్టింది. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికుల భాగస్వామ్యంతో తయారుకావాలని నిబంధన. క్వార్టర్లలో ఉండే ఆచార్యులూ స్థానికులే కదా, నిబంధన నిక్షేపంగా నెరవేరినట్టే!

డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయం మాకు పక్క మండలమే. ఈ ముచ్చట్ల జబ్బు అటు సోకకముందే ఒక మనవి. మా దగ్గర రేడియోకు అచ్చమైన శ్రోతలున్నారు. బీడీలు చుట్టే ఆడవాళ్లకు చేతులే తీరిక లేనివి, చెవులు ఖాళీ. వాళ్లకు ఏం వినిపిస్తారు? మా జిల్లా బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కథ ఉండనే ఉంది: అది నిజాం కాలంలో పుట్టింది, ఆసియాలోనే పెద్దదనిపించుకుంది, 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో తాళం పడింది. దీని మీద ఆచార్యులను అడగబోతే, సొంతంగా వార్తలు చెప్పడానికి అనుమతి లేదంటారు. పదేళ్ల కింద పడ్డ తాళం వార్త ఎట్లా అవుతుంది సారూ? చరిత్ర శాఖకు అప్పగించండి.

జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 2008 నుంచి సంఘం రేడియో నడుస్తున్నది. నడిపేది దళిత మహిళా రైతులు. అక్కడ విత్తనం గురించి విత్తిన చేతులవాళ్లే మాట్లాడతారు. దీన్ని విశ్వవిద్యాలయ పరిభాషలో అనర్హత అంటారు.

అయినా తెగించి అడుగుతున్నా. ప్రశ్నలు వేసే కుర్చీలో ఒక్క వారం మా ఊరి బీడీల అక్కను కూర్చోబెట్టండి. ఆమె బిరుదులు చదవదు. నేరుగా మొదలుపెడుతుంది: "సారూ, గా ఫ్యాక్టరీ బందైనంక దాని మీద ఎంతమంది పీహెచ్‌డీలు జేసిండ్రు? అండ్ల పనిజేసినోళ్ల కంటె ఎక్కువనే ఉంటరా?"

సాంకేతిక లోపం వల్ల ఆ వారం పాత కార్యక్రమమే పునఃప్రసారమవుతుంది.