నైట్ హాల్ట్ బావగారు

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లున్న ప్రతి కాలనీలోనూ ఒక బావగారు ఉంటారు. ఆయన ఎవరికి బావగారో ఎవరికీ తెలీదు. వరసైన ఒకాయన పిలవగా పిలవగా మిగతా ఊరికి అలవాటైపోయి ఉంటుంది. శ్రీరామనవమి పానకానికి ఎంత బెల్లం పడుతుందో, ఇండియా నుంచి వచ్చే పెద్దవాళ్లకి ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్ ఎలా అడగాలో, కారు టైర్లు ఏ నెలలో చవకో, అన్నీ ఆయన్నే అడగాలి. అడిగిన వెంటనే చెప్పరు. ఇంటికెళ్లి ఎక్సెల్ షీటు పంపిస్తారు.

మా బావగారు విహారయాత్రకి వెళ్లారని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఆయన నడుపుతారు, మనం వెళ్తాం. ఆయన వాట్సాప్ గ్రూపులో చేరాక మన సెలవులు మనవి కావు. అయినా చేరతాం. చేరకపోతే హోటల్ మనమే వెతుక్కోవాలి కదా.

థాంక్స్‌గివింగ్ వారానికి ఆయన కరేబియన్ ఓడ మాట్లాడారు. తొమ్మిది కుటుంబాలు, 34 మంది. ఫ్లోరిడాలో ఎక్కి ద్వీపాలు చుట్టి మళ్లీ ఫ్లోరిడాలోనే దిగడం. మామూలుగా ఈ ఓడలు పొద్దున్న ఒక ద్వీపంలో ఆగి, చీకటి పడేసరికి చెక్కేస్తాయి. ఇది మాత్రం ప్యూర్టోరికో రాజధాని శాన్ హువాన్‌లో ఒక మధ్యాహ్నం ఆగి, రాత్రంతా రేవులోనే ఉండి, మర్నాడు రెండింటికి బయల్దేరుతుంది. కాయితంలో 'ఓవర్‌నైట్' అని ఉంది. బావగారు చదివి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "ఓహో, నైట్ హాల్టు" అన్నారు.

వాళ్ల నాన్నగారు ఆర్టీసీలో కండక్టరు, కనిగిరి డిపోలో రిటైరయ్యారు. పల్లెకి నైట్ హాల్ట్ ఉంటే, ఆఖరి ట్రిప్పు వెళ్లిన బస్సు రాత్రి ఆ పల్లెలోనే ఉండిపోయి, తెల్లారుతూనే ఫస్ట్ ట్రిప్పుగా తిరిగొచ్చేది. డ్రైవరూ కండక్టరూ సీట్ల మీదో పంచాయతీ ఆఫీసు అరుగు మీదో నడుం వాల్చేవాళ్లు. నైట్ హాల్ట్ ఉన్న ఊరంటే పిల్లనివ్వడానికి కూడా జనం ముందుకొచ్చేవారని బావగారి వాదన. దీనికి ఆయన దగ్గర ఎక్సెల్ షీటు లేదు గనక నేను పూర్తిగా నమ్మలేదు.

ఓడ ఖాయం అయ్యాక చిక్కొచ్చింది. రెండు కుటుంబాల వాళ్లకి పాస్‌పోర్టులో హెచ్1బి స్టాంపింగ్ గడువు దాటిపోయింది. ఉద్యోగానికి అడ్డు లేదు, ఉండటానికి అడ్డు లేదు, గడప దాటితేనే తంటా. కెనడాకో మెక్సికోకో వెళ్లి 30 రోజుల్లోపు వచ్చేస్తే పాత స్టాంపుతోనే రానిచ్చే వెసులుబాటు ఒకటుంది. కరేబియన్ ద్వీపాల విషయంలో ఆ వెసులుబాటు చదువుకునే ఎఫ్, జె వీసాల వాళ్లకే. హెచ్1బి వాళ్లకి లేదు. మన ఓడేమో దారిలో బహమాస్‌లో ఆగుతుంది. "చదువుకునేటప్పుడు వెళ్లనిచ్చేవాళ్లు, డబ్బుల్లేవు. ఇప్పుడు డబ్బులున్నాయి, వెళ్లనివ్వరు" అన్నాడు ఆ కుర్రాళ్లలో ఒకడు.

బావగారికి ఈ బాధ తెలుసు. గ్రీన్‌కార్డు చేతికొచ్చేసరికి ఆయన జుట్టు సగం నెరిసింది, మిగతా సగం వెళ్లిపోయింది. రెండు రోజులు గ్రూపులో గుడ్‌మార్నింగులు కూడా పెట్టలేదు. మూడో రోజు మెసేజి వచ్చింది: "ప్యూర్టోరికో 1898 నుంచి అమెరికాదే. మీరు విమానంలో తిన్నగా శాన్ హువాన్ వచ్చెయ్యండి. డొమెస్టిక్ ఫ్లైటు, స్టాంపుతో పని లేదు. నైట్ హాల్ట్‌లో కలుద్దాం." ఆ విధంగా స్టాంపున్న 27 మందీ నీటి మీద, లేని ఏడుగురూ గాలి మీద బయల్దేరేట్టు తీర్మానం జరిగింది.

అంతకుముందు, ఓడ తేదీ కుదర్చడం ఇంకో ప్రహసనం. శాన్ హువాన్‌కి గంట దూరంలో ఫహార్దో దగ్గర లగూనా గ్రాండె అని ఒక మడుగుంది. అందులో కంటికి ఆనని జీవులు, తెడ్డు వేస్తే చాలు, నీలంగా మిణుకుమంటాయి. చంద్రుడు లేని రాత్రయితేనే ఆ వెలుగు బాగా తెలుస్తుంది. అంటే అమావాస్య కావాలి. అమావాస్య నాడు ప్రయాణమేమిటని బావగారి అత్తగారు అభ్యంతరం చెప్పారు. బావగారు పంచాంగం తిరగేసి బహుళ ద్వాదశి పట్టారు. చంద్రుడు తెల్లవారుజామున గానీ లేవడు, అమావాస్య దోషమూ అంటదు. తిథి చూసి కయాక్ బుక్ చేసిన మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

ఓడ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. ఓడలో ఆకలి అనేది ఉండదు, తీరిక ఉండదు కాబట్టి. బావగారి సిద్ధాంతం ఒకటే: డబ్బు కట్టిన తిండి కట్టినవాడి కోసం ఏడుస్తూ ఉంటుంది. టిఫినుకి ముందు టిఫిను, తర్వాత టిఫిను, భోజనం, ఐస్‌క్రీము, రాత్రి భోజనం, పన్నెండింటికి పిజ్జా. వైఫైకి మాత్రం విడిగా కట్టాలన్నారు గనక 27 మందికీ కలిపి ఒకటే కొన్నారు. దాన్ని ఎవరు ఎన్ని నిమిషాలు వాడారో ఖర్చులు పంచే యాప్‌లో వేశారు. బహమాస్‌లో కొన్న కొబ్బరిబోండం కూడా 27 భాగాలై అందరి ఖాతాల్లోకీ వెళ్లింది.

శాన్ హువాన్ రేవు ముఖద్వారంలో ఎల్ మొర్రో కోట ఉంటుంది. కట్టడం 1539లో మొదలైంది, గోడలు కొన్నిచోట్ల 18 అడుగుల మందం. 1595లో సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ ఇదే దారిన లోపలికి రాబోతే స్పెయిన్ ఫిరంగులు తరిమేశాయి. మూడేళ్లకి కంబర్లండ్ ప్రభువు సముద్రం జోలికి పోకుండా నేల మీంచి వచ్చి కోట పట్టాడు గానీ, సైన్యానికి రక్తవిరేచనాలు పట్టుకుని కొన్ని వారాలకే మూట కట్టేశాడు. ఇంత చరిత్ర పక్కనుంచి పోతుంటే మావాళ్లలో ఒక్కరూ తలెత్తలేదు. రేవు దగ్గరవుతూనే ఫోన్లకి సిగ్నల్ వచ్చింది. ప్యూర్టోరికోలో మన ఫోన్లు మామూలుగానే పనిచేస్తాయి. 27 ఫోన్లు ఒక్కసారిగా మోగాయి. కోట అలా వెళ్లిపోయింది.

సిగ్నల్‌తోపాటు ఫోన్లలో గంట ముందుకి జరిగింది. నవంబరులో శాన్ హువాన్ గడియారం ఫ్లోరిడాకన్నా గంట ముందుంటుంది. ఓడ గడియారం మాత్రం మారదని మైకులో చెప్పారు, ఎవరూ వినలేదు. బావగారు విన్నారు. విని, "రేపు ఫోన్ టైము ఒంటిగంటకల్లా అందరూ రేవులో ఉండాలి" అని గ్రూపులో పెట్టారు. నిజానికి ఓడ కదలడానికి గంట ముందే ఎక్కాలన్నా, ఫోనులో రెండయ్యేదాకా వ్యవధి ఉంది. ఆ గంటని ఆయన, పాతకాలం కండక్టరు చిల్లర దాచినట్టు, ఎవరికీ చెప్పకుండా తన దగ్గర ఉంచుకున్నారు.

ఆ రాత్రికి ఆయన షీటు ప్రకారం దిగాలి, తిరగాలి, రాత్రి భోజనానికి ఓడకి రావాలి, మళ్లీ దిగాలి, పిజ్జాకి మళ్లీ రావాలి. రాత్రి ఆగింది ఓడ ఒక్కటే, మాకు మాత్రం షటిల్ సర్వీసు.

మొదటి ట్రిప్పులో పాత ఊరంతా నడిపించారు. ఇనుప చిట్టెంతో పోసిన నీలపు ఇటుకల వీధులు, రంగురంగుల బాల్కనీలు. బావగారు శాకాహారుల కోసం ముందే రెండు స్పానిష్ ముక్కలు నేర్చుకొచ్చారు: సిన్ కార్నే, మాంసం లేకుండా. అత్తగారికి మొఫోంగో చెప్పారు. పచ్చి అరటికాయలాంటి కాయని వేయించి, వెల్లుల్లి వేసి, చెక్క రోట్లో దంచిన ముద్ద అది. వచ్చింది. ముద్ద మీద కోడిముక్కలు కూచుని ఉన్నాయి. కార్నే అంటే అక్కడ చాలామంది లెక్కలో గొడ్డూ పందీ. కోడి ఆ కోవలోకి రాదు. రెండోసారి ఒట్టి ముద్ద తెప్పించారు. అత్తగారు తిని, "మా అమ్మ చేసే అరటికాయ పచ్చడే. ఇంగువ మర్చిపోయారు" అన్నారు.

చీకటి పడగానే పద్నాలుగు మంది వ్యానెక్కి నీలపు మడుగుకి పోయారు. తిథి చూసిన బావగారు మాత్రం ఆగిపోయారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని రేవులో వదిలేసి ఎలా వెళ్తారు? మిగిలినవాళ్లని ఓడ భోజనానికి మళ్లిస్తుంటే, విమానం వాళ్ల నుంచి ఫోను.

వాళ్లు పాత ఊళ్లోనే ఒక ఇల్లు రెండు రోజులకి అద్దెకి తీసుకున్నారు. డాలస్ నుంచి కుక్కరూ కందిపప్పూ తెచ్చుకున్నారు. "బావగారూ, పప్పుచారు పెట్టాం. వడియాలు వేగుతున్నాయి. అందర్నీ తీసుకుని వచ్చెయ్యండి."

"డిన్నరు డబ్బులు కట్టేశాం కదమ్మా. పోనీ మీరే…" అని ఆగిపోయారు. ఓడలోకి బయటివాళ్లని రానివ్వరు. ఫోను స్పీకర్లో ఉంది. వడియాలు వేగుతున్న చప్పుడు అందరూ విన్నారు. ఐదు రోజులుగా పాస్తా, రొట్టె తిన్న జనం. అత్తగారు ఎవరి అనుమతీ అడక్కుండా ఆ ఇంటి వైపు నడవడం మొదలెట్టారు. మోకాళ్ల నొప్పులున్న మనిషి అంత వేగంగా నడవడం నేను ముందెప్పుడూ చూడలేదు.

కరేబియన్ ద్వీపంలో ఒక రాత్రి దొరికితే ఏం చెయ్యాలో చెప్పడానికి పుస్తకాలున్నాయి. రమ్ము తాగమంటారు, సాల్సా ఆడమంటారు, పీన్యా కొలాడా పుట్టిన చోటు చూడమంటారు. పుట్టించింది మేమంటే మేమని ఆ ఊళ్లో ఒక హోటలూ ఒక రెస్టారెంటూ తగవులాడుకుంటాయి కూడా. మేం నేల మీద చాపలేసుకుని పప్పుచారన్నం తిన్నాం. కిటికీ అవతల ఎవరో డోలు వాయిస్తున్నారు. ఇవతల ఓటు మీద చర్చ. ప్యూర్టోరికో జనానికి 1917లోనే అమెరికా పౌరసత్వం వచ్చింది గానీ, ద్వీపంలో ఉన్నంతకాలం అధ్యక్షుడి ఎన్నికలో ఓటు లేదు. "మనకి అదీ లేదు, ఇదీ లేదు, పన్నుంది" అన్నాడు స్టాంపు లేని కుర్రాడు, మూడోసారి చారు పోసుకుంటూ. బావగారు రెండు ముద్దలకోసారి వాచీ చూసుకున్నారు. ఓడలో ఆయన భోజనం ఆయన కోసం ఏడుస్తూనే ఉండి ఉంటుంది.

ఫోనులో తొమ్మిదయింది, కనిగిరిలో ఉదయం ఆరున్నర. బావగారు గడప బయటికొచ్చి వీడియో కాల్ చేశారు. పెరటి చెట్టులో కోకీ కప్ప కూస్తోంది. బొటనవేలంత ఉండదు, ఊరంతా దాని గొంతే.

"ఆ పిట్టేమిట్రా?"

"కప్ప నాన్నా. ఓడ నైట్ హాల్టు. ఊళ్లోకొచ్చాం."

పెద్దాయన మొహంలో వెలుగు చూడాలి. ఇన్నేళ్లకి కొడుకు ఉద్యోగం, ఊరు, వీసా, వీటన్నిట్లో ఆయనకి అర్థమైన మొదటి మాట అదే అయ్యుంటుంది. "నైట్ హాల్టా! మరి సిబ్బంది ఎక్కడ పడుకుంటార్రా? భోజనం ఎవరు పెడతారు?"

బావగారు నోరు తెరిచి మూశారు. షీటులో ఆ కాలమ్ లేదు.

ఫోను పెట్టేసి రేవు వైపు నడిచారు, వెనక నేను. గోడ వారన ఓడ పనివాళ్లు పదిమంది వరసగా కూచుని ఉన్నారు, ఉచిత వైఫై దొరికే చోటు చూసుకుని, తలో ఇంటితో మాట్లాడుతూ. అందులో ఒక గొంతు, "నానున్నాను కదేటి, ఒగ్గెయ్" అంటోంది. సిక్కోలు యాస. ఎనిమిది నెలల కాంట్రాక్టు, ఆరో నెల నడుస్తోందట. రెండు గంటలే సెలవట. బావగారు రమ్మన్నారు. వాడు అనుమానంగా చూశాడు. "పప్పుచారు" అన్నారు. లేచాడు.

"ఓడలో అన్నం రోజూ ఎడతారండి. చారే ఉండదు" అన్నాడు తింటూ. ఎంత తిన్నాడో నేను లెక్కపెట్టలేదు. బావగారు కూడా లెక్కపెట్టలేదు, అది వింత. మళ్లీ కనిగిరి ఫోను: "కనుక్కున్నావా?"

"మనవాడే నాన్నా. శ్రీకాకుళం. ఇక్కడే తిన్నాడు."

"ఆఖర్న మజ్జిగ పోశారా?"

ఇంటావిడ గిన్నె ఎత్తి చూపించింది. పెరుగు అత్తగారి దగ్గరే అయిపోయింది. అవతల పెద్దాయన ఏమీ అనలేదు. అనకపోవడమే బావగారికి ఎక్కువ గుచ్చుకున్నట్టుంది.

పొద్దున్న కోట. ఒక్కో మనిషికి పది డాలర్లు, పదహారేళ్లలోపు పిల్లలకి ఉచితం, నేషనల్ పార్కుల కార్డున్నవాడితో ఇంకో ముగ్గురు పెద్దలు వెళ్లచ్చు. అందుకని కార్డున్న ప్రతివాడి పక్కనా లేని ముగ్గుర్ని బావగారు ముందే అతికించారు. అతికించిన మనిషే రాలేదు. మడుగుకెళ్లొచ్చినవాళ్లు దంపతుల వారీగా మాటల్లేకుండా నడుస్తున్నారు. ఒకే పడవలో ఆయన ఎడమకి తెడ్డేస్తే ఆవిడ కుడికి వేసిందట, చేసిన ప్రయాణమంతా గుండ్రంగానేనట. వెలుగు మాత్రం అద్భుతమన్నారు.

ఫోన్లు చూసుకుని ఒంటిగంటకల్లా అందరం రేవుకి చేరాం. విమానం వాళ్లు చేతులూపి ఎయిర్‌పోర్టుకి వెళ్లిపోయారు. బావగారు లేరు. పది నిమిషాలు, ఇరవై, నలభై. ఎవర్ని అడగాలో ఎవరికీ తోచలేదు. ఏమైనా అయితే మేం అడిగేది ఆయన్నే కదా.

ఫోనులో రెండవడానికి పది నిమిషాలుందనగా వచ్చారు, చెమటలు కక్కుకుంటూ, చేతిలో ఒక సంచితో. ప్లాజా దె ఆర్మాస్ దగ్గర సూపర్ మార్కెట్లో వెనిల్లా, స్ట్రాబెరీ, పీచ్ పెరుగులే ఉన్నాయట. ఒట్టి పెరుగు కోసం ఇంకో మూడు కొట్లు తిరిగారట.

"గంట లేటు బావగారూ!"

"ఓడ టైము ప్రకారం పది నిమిషాలు ముందే వచ్చాను."

గేటు దగ్గర సంచి యంత్రంలోంచి వెళ్లింది. గార్డు రెండు డబ్బాలూ తీసి సీళ్లు చూసి, ఆయన్ని ఒకసారి చూసి, ఇచ్చేశాడు. నేను ఫోను తీసి ఖర్చుల యాప్ తెరిచాను. "పెరుగు రెండు డబ్బాలు. ఎవరి ఖాతాలో వెయ్యమంటారు?"

ఆయన వినిపించుకోలేదు. వాచీ చూసుకుంటూ మెట్లెక్కుతున్నారు. "బఫే ఇంకా తెరిచే ఉంటుంది. రండి, రండి."