జోన్-టూ బాబాయిగారు

పటమటలో అయినా మొగల్రాజపురంలో అయినా వీధికో జోన్-టూ బాబాయిగారు ఉంటారు. ఇరిగేషన్‌లో ఇంజనీరుగా రిటైరయి ఉండొచ్చు, కైకలూరు వైపు చేపల చెరువులు లీజుకిచ్చి బెజవాడ చేరి ఉండొచ్చు. హాల్లో టీవీ కింద, అబ్బాయి అమెరికా నుంచి మోసుకొచ్చిన నల్లటి రిసీవరు కనిపించిందా, ఆయనే. అది అక్కడి 120 వోల్టుల సరుకు. మన 230కి తిన్నగా తగిలిస్తే ప్రాణాలు వదులుతుంది. అందుకని పక్కనే ఓ ట్రాన్స్‌ఫార్మరు కాపలా. పాట లేనప్పుడు కూడా అది "మ్మ్..." అంటూ శ్రుతి పడుతూనే ఉంటుంది.

"ఏంటి బాబాయిగారూ విశేషాలు?" అన్నారంటే మీ పని అయిపోయినట్టే. "కూర్చో అబ్బాయ్. ఇది ఏడు చానెళ్ల పెట్టె. సినిమాకి మనం వాడేది అయిదే. వెనక స్పీకర్లకిచ్చే రెండూ ఖాళీ. వాటిని మెనూలో జోన్-టూ అని మార్చి వంటింటికిచ్చేశా. ఇంకో యాంప్లిఫయరు కొనే పన్లేదు!" పిన్నిగారు కాఫీ గ్లాసూ, ఓ నిట్టూర్పూ అక్కడ పెట్టి వెళ్లిపోతారు.

వన్‌టౌన్‌లో బేరమాడి తెచ్చిన రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, మావిడాకుల తోరణం మేకులకే చుట్టుకుని, దేవుడి గది పక్కగా వంటింట్లో పచ్చడి జాడీల అర దాకా వెళ్తుంది. సన్న వైరయితే పవరు దారిలోనే ఖర్చయిపోతుందట. "వరండాలోకి ఇంకో రెండు స్పీకర్లు ఆ వైరుకే కలిపేద్దాం బావా" అని బావమరిది అన్నాడో, ఆయన మొహం మారిపోతుంది. ఎనిమిది ఓముల స్పీకర్లు రెండు సమాంతరంగా కలిపితే నాలుగు ఓములే మిగుల్తాయి. పెట్టె వెనక ఆరుకి తగ్గకూడదని రాసుంది. వేడెక్కిందంటే తనంతట తనే ఆగిపోతుంది. అసలే బెజవాడ ఎండలు, ఆపైన దుమ్ము పడకుండా పిన్నిగారు దాని నెత్తిన కప్పిన అల్లిక గుడ్డ.

ఇంతకీ పిన్నిగారు అడిగింది ఒక్కటే: పోపు వేస్తూ సీరియల్ వినాలి. అదొక్కటే రాదు. డిజిటల్ వైర్లో వచ్చిన శబ్దాన్ని ఆ పెట్టె రెండో గదికి పోనివ్వదు. ఎర్ర, తెల్ల పిన్నుల పాత వైర్లో వస్తేనే పంపిస్తుంది.

"రేడియో వస్తుందిగా!" అంటారాయన. ఆకాశవాణి విజయవాడ పలికేది 837 కిలోహెర్ట్జ్‌ల మీద. మన మీడియం వేవ్ స్టేషన్లు తొమ్మిదేసి కిలోహెర్ట్జ్‌ల మెట్ల మీద కూర్చుంటాయి, అమెరికావి పదేసి. అందుకని ఆ పెట్టె 830 మీంచి గెంతి 840 మీద వాలుతుంది. మధ్యలో మన ఊరు ఉందని దానికి తెలీదు. వంటింట్లో భక్తిరంజని చారు మరుగుతున్నట్టు వినిపిస్తుంది. బామ్మగారు మాత్రం మంచం మీద పాత ట్రాన్సిస్టర్లో కీర్తన హాయిగా వింటూ, "నీ పెట్టెలోకి రావాలంటే దేవుడికి కూడా వీసా కావాలట్రా?" అంటారు.

చివరికి ఎర్రాతెల్లా వైరూ పడింది, సీరియలూ వంటిల్లు చేరింది. రిమోటు మాత్రం బాబాయిగారి పడక్కుర్చీ దాటదు. కోడలి ఏడుపు మరీ మితిమీరితే "ఏవండీ, తగ్గించండీ!" అని పిన్నిగారు కేకెయ్యాలి. రెండు గదుల మోతలో ఆ కేక ఆయనకి చేరదు.

అలాగని ఆయన వింటారా అంటే, అదీ లేదు. పల్లవి హాల్లో, చరణం వంటింట్లో, మిగతాది గుమ్మంలో నిలబడి రెండు గదులూ సమానంగా పలుకుతున్నాయా లేదా అని. సంక్రాంతికి తెనాలి నుంచి వచ్చిన వియ్యంకుడు కళ్లు మూసుకుని పరవశించిపోయి, "ఘంటసాల కదూ బావగారూ? మన చౌటపల్లి మనిషి! ఏ సినిమాలోదండీ ఇది?" అని అడిగారు.

"ఏదో పాత పాట లెండి" అన్నారు బాబాయిగారు. "ఆ ఎడం చానెల్ విన్నారా, ఎంత శుభ్రంగా ఉందో!"