మా రోజుల్లో బంతి నూనె తాగేది కాదు

డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో కుదురుకున్న మా తరం తెలుగువాళ్లలో చాలామందికి అమెరికావాళ్లతో స్నేహం కుదిరింది బౌలింగ్ లీగులోనే. డిపార్ట్‌మెంటుకో జట్టు, వారానికో సాయంత్రం. సెప్టెంబరులో మొదలైతే ఏప్రిల్ దాకా సాగేది. మోకాళ్లదాకా మంచు పడినా లీగు ఆగేది కాదు. 1970ల చివర్లో ఈ దేశంలో లీగుల్లో పేరు నమోదు చేయించుకుని ఆడేవాళ్లు 90 లక్షల పైమాటే. ఇప్పుడు ఆ లెక్క పది లక్షల దగ్గరికి పడిపోయింది. అలెన్ పార్క్‌లో 90 లేన్ల థండర్‌బౌల్ ఇంకా నిలబడి ఉంది గానీ, మేం ఆడిన చిన్న చిన్న సెంటర్లు చాలావరకు పోయాయి. కొన్ని చోట్ల పిన్నులకి తాళ్లు కట్టి పైకి లాగుతున్నారు. అది చూడటం నాకు కష్టంగానే ఉంటుంది.

అయినా నా గొడవ జనం తగ్గారని కాదు. ఉన్నవాళ్లు స్పేర్లని, అంటే మొదటి బంతికి మిగిలిన పిన్నుల్ని రెండో బంతితో పడగొట్టడాన్ని, ఖాతరు చెయ్యడం లేదని.

మా లీగులో గుంటూరు కుర్రాడొకడున్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మంచి ఒడ్డూ పొడుగూ, చేతిలో బలం ఉంది. మూడు బంతులు పట్టే చక్రాల సంచీ లాక్కుంటూ వస్తాడు. మూడూ రియాక్టివ్ రెజిన్ బంతులే, మూడూ ఖరీదైనవే. మొన్న తొమ్మిది పిన్నులు పడగొట్టాడు. కుడి మూలన టెన్ పిన్ ఒక్కటీ నిలబడింది. మళ్లీ అదే బంతి ఎత్తాడు, అదే తిప్పుడు తిప్పాడు. బంతి పిన్ను మీదికి వెళ్తున్నట్టే వెళ్లి, చివర్లో జానెడు ఎడంగా తప్పుకుపోయింది. తర్వాతి ఫ్రేములోనూ అదే తంతు.

"లేన్ డ్రై అయిపోయింది అంకుల్, ఇంకో బాల్ కొనాలి" అన్నాడు.

"కొను బాబూ, ప్లాస్టిక్ బాల్ కొను" అన్నాను.

"ప్లాస్టిక్ చిన్నపిల్లలకి కదా అంకుల్!"

ఆ మాట నాకు రెండు రోజులు నిద్ర పట్టనివ్వలేదు. ఈ ఆటలో సగం ఆ ప్లాస్టిక్ బంతిలోనే ఉందని ఈ పిల్లలకి ఎవరూ చెప్పలేదా?

లెక్క చూడండి. ఆట మొత్తంలో ఒక్క స్ట్రైకూ పడలేదనుకుందాం, అంటే మొదటి బంతికే పది పిన్నులూ ఎప్పుడూ పడలేదన్నమాట. ప్రతి ఫ్రేములో మొదటి బంతికి తొమ్మిది, రెండో బంతికి ఆ మిగిలిన ఒక్కటి. అలా పది ఫ్రేములూ స్పేరు చేసి, ఆఖరి అదనపు బంతికీ తొమ్మిది కొడితే 190 వస్తుంది. అదే మనిషి ప్రతిసారీ ఆ ఒక్క పిన్నునీ వదిలేస్తే 90. తేడా పది పిన్నులు, వంద పాయింట్లు. లీగులో 190 సగటు ఉన్నవాణ్ని ఈనాటికీ గౌరవంగా చూస్తారు. స్ట్రైకు పడ్డప్పుడు కేకలేసి చేతులు చరిచే కుర్రాళ్లు ఈ వంద పాయింట్ల ఊసే ఎత్తరు.

నేను ఆట మొదలుపెట్టేనాటికి గట్టి రబ్బరు బంతులు ఇంకా వాడకంలో ఉండేవి. చెక్క బంతుల రోజులు ఎప్పుడో పోయాయి. 1905లో రబ్బరు బంతి వచ్చింది, 1914లో బ్రన్స్విక్ వాళ్లు మినరలైట్ తెచ్చారు, ఆ తర్వాత అరవై ఏళ్లు నల్ల రబ్బరుదే రాజ్యం. మా కాలానికి ప్లాస్టిక్, అంటే పాలియెస్టర్, దాని పక్కకొచ్చి నిలబడింది. కొలంబియా కంపెనీ వైట్ డాట్, ఎల్లో డాట్ కొనుక్కోవడమంటే మాకు పెద్ద ముచ్చట. మనిషికి ఒకే బంతి. స్ట్రైకుకీ అదే, స్పేరుకీ అదే. లేను మారితే బంతి మార్చేవాళ్లం కాదు, చెయ్యి మార్చేవాళ్లం. మణికట్టు బిగించి వెనకనుంచి తోస్తే బంతి నేరుగా పోతుంది, వేళ్లతో పక్కనుంచి తిప్పితే హుక్కు తిరుగుతుంది. నడక వేగం పెంచడం, నిలబడే చోటు రెండు బోర్డులు జరపడం... ఇవన్నీ నేర్చుకోక తప్పేది కాదు, సంచీలో ఇంకో బంతి లేదు గనక.

బంతిని మెత్తబెడితే ఎక్కువ తిరుగుతుందని కనిపెట్టింది కూడా ఆ రోజుల్లోనే. డాన్ మెక్యూన్ అనే ప్రొఫెషనల్ ప్లాస్టిక్ బంతిని మిథైల్ ఇథైల్ కీటోన్‌లో నానబెట్టేవాడు. పెయింట్ షాపులో పనిచేసినవాళ్లకి ఆ ద్రావకం వాసన చెప్పక్కర్లేదు, నిప్పు చూస్తే భగ్గుమంటుంది. 1973లో ఆయన ఆరు టైటిళ్లు గెలిచి ఆ ఏటి మేటి ఆటగాడయ్యాడు. దాంతో బంతి పైపొర గట్టిదనానికి కొలత పెట్టారు. డ్యూరోమీటరు సూది గుచ్చి చూస్తే 72కి తగ్గకూడదన్నారు. ఇన్నేళ్లయినా ఆ గొడవ తీరలేదు. 2022లో యురేథేన్ బంతి పర్పుల్ హ్యామర్‌లో 2016, 2017 తయారీవాటిని మెత్తగా ఉన్నాయనే కారణంతోనే జాతీయ పోటీల నుంచి తప్పించారు. బంతి ఎంత పట్టు పడుతుందన్నది పైపొరలోనే ఉందని ఇంతకంటే రుజువేం కావాలి?

1980ల మొదట్లో యురేథేన్ వచ్చింది. 1990ల మొదట్లో రియాక్టివ్ రెజిన్ వచ్చింది. అక్కడితో ఆట తీరే మారిపోయింది.

రియాక్టివ్ బంతి పైపొరలో కంటికి కనపడని రంధ్రాలుంటాయి. లేను మీద నూనెని అది పీల్చుకుంటుంది. నూనె ఉన్నంత మేరా జారి, నూనె లేని చోట గట్టిగా పట్టుకుని తిరుగుతుంది. క్యారమ్స్ ఆడినవాళ్లకి ఇది తేలిగ్గా బోధపడుతుంది. బోర్డు మీద పౌడరు ఉన్నచోట స్ట్రైకరు పరుగెడుతుంది, లేనిచోట పీకపట్టుకున్నట్టు ఆగుతుంది. లేను పొడుగు ఫౌల్ లైను నుంచి మొదటి పిన్ను దాకా 60 అడుగులు, వెడల్పు 39 బోర్డులు. మామూలు సెంటర్లలో యంత్రం 40 అడుగుల అటూఇటూ నూనె పరుస్తుంది. అదీ మధ్యలో దట్టంగా, అంచుల్లో పలచగా. మొత్తం నూనె కొలిస్తే పాతిక మిల్లీలీటర్ల అటూఇటూ, చిన్న మందు సీసాడు.

ఆ కాస్త నూనెనీ వీళ్ల బంతులు తాగేస్తాయి. ఒక్కో జట్టుకి నలుగురైదుగురు, ఒక్కొక్కరి చేతిలో దాహంతో ఉన్న బంతి. రెండు ఆటలయ్యేసరికి లేనులో దారులు ఎండిపోతాయి. డ్రై లేన్ ఆకాశంలోంచి ఊడిపడలేదు, వీళ్లు ఆరబెట్టిందే. ఆరబెట్టి, మళ్లీ దానికోసం ఇంకో బంతి కొంటామంటారు. మా రోజుల్లో రబ్బరు, ప్లాస్టిక్ బంతులు నూనె తాగేవి కావు. ముందుకి తోసుకుపోయేవి. అందువల్ల వచ్చే చిక్కులు వేరు, చివర్లో బంతి తిరగాల్సినప్పుడు తిరగదు. కానీ లేను మాత్రం ఎండేది కాదు.

ఒక బంతి తిరిగొచ్చాక రాక్ మీద చూడండి. కుర్రాడి రియాక్టివ్ బంతి మీద నూనె గీతలు ఒకదాని పక్కన ఒకటి విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. బంతి లోపలుండే బరువు దిమ్మ ప్రతి చుట్టుకీ కొత్త చోటుని నేలకి తగిలిస్తుంది. నా ప్లాస్టిక్ బంతి మీద ఒకే ఒక్క సన్నని గీత. గుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోతుంది. లోపల పెద్ద దిమ్మ లేదు, పైన రంధ్రాలు లేవు. నేను ఎటు వదిలితే అటు పోతుంది.

స్పేరుకి కావలసింది అదే. స్ట్రైకుకి బంతి వంపు తిరిగి, సుమారు ఆరు డిగ్రీల కోణంలో పిన్నుల మధ్యకి దూరాలి, అక్కడ హుక్కుకి పనుంది. ఒంటరిగా నిలబడ్డ పిన్నుకి కోణంతో ఏం పని? తగిలితే పడుతుంది. కుడిచేతివాళ్లకి టెన్ పిన్ కుడి అంచున ఉంటుంది, దాని పక్కనే గటర్. ఎడమ వైపు నిలబడి, లేనుకి అడ్డంగా, మధ్యనున్న దట్టమైన నూనె మీదుగా ఆ మూలకి వెయ్యాలి. ప్లాస్టిక్ బంతి ఆ నూనెనీ, ఆ తర్వాతి పొడినీ ఒకేలా దాటుతుంది. రియాక్టివ్ మాత్రం కుడివైపు పొడి భాగంలోకి అడుగుపెట్టగానే తన స్వభావం చూపించి ఎడమకి తిరుగుతుంది. గుంటూరు కుర్రాడి బంతి జానెడు తప్పింది ఇందుకే. వాడి చేతిలో లోపం లేదు.

నిజం చెప్పాలంటే ఈ విషయంలో ఇప్పటివాళ్లకి మాకు లేని సౌకర్యం ఉంది. స్పేరుకని విడిగా ఒక బంతి ఉంచుకోవడం మంచి పద్ధతి. మేం ప్రతి స్పేరుకీ మణికట్టు మార్చుకోవాల్సి వచ్చేది, అలిసిపోయిన మూడో ఆటలో అది తప్పేది. వీళ్లు చెయ్యి మార్చకుండా బంతి మారిస్తే చాలు. ఇంత సుళువైన దారి ఉండగా, రెండు వందల డాలర్లు పోసి నాలుగో హుక్కు బంతి కొనడం చూస్తే ఒళ్లు మండుతుంది. అందులో సగం పెడితే స్పేరు బంతి వస్తుంది. అది ఇరవై ఏళ్లు మన్నుతుంది. రియాక్టివ్ బంతిని ఎప్పటికప్పుడు శుభ్రం చెయ్యాలి, తాగిన నూనె వెళ్లగొట్టాలి, ఎంత చేసినా దాని కసి తగ్గుతూ పోతుంది.

పెద్ద ఆటగాళ్లని చూసైనా నేర్చుకోరు. 1975లో ఒక్క ఏడాదిలో లక్ష డాలర్లు సంపాదించిన మొదటి బౌలర్ ఎర్ల్ ఆంథనీ, ఎడమచేతివాడు. ఎక్కడా తొందరా ఆర్భాటమూ లేకుండా ఆడేవాడు. 47 టైటిళ్ల వాల్టర్ రే విలియమ్స్ జూనియర్‌ది దాదాపు నేరు బంతి. ఆయన గుర్రపు నాడాలు విసిరే ఆటలో కూడా ప్రపంచ ఛాంపియను. గురి అంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది.

డ్రై లేన్ మీద మరి స్ట్రైకు బంతి సంగతేమిటని అడుగుతారు. చాలామంది యురేథేన్ మంచిదంటారు. నేను ఒప్పుకోను. కాస్త ఆరిన లేను మీద యురేథేన్ నెమ్మదిగా, నమ్మకంగా తిరుగుతుంది, నిజమే. బాగా ఎండిన లేను మీద అది మొదటి అడుగుల్లోనే నేలని పట్టేసి, పిన్నుల దగ్గరికి వెళ్లేసరికి ఊపు పోగొట్టుకుంటుంది. అక్కడ బాగా పాలిష్ పట్టిన పెర్ల్ రకం రియాక్టివ్, లోపల చిన్న దిమ్మ ఉన్నది, దానికంటే నయం. గరుకు కాగితంతో రుద్దిన సాలిడ్ రకం అసలు సంచీలోంచి తియ్యకూడదు. ఇంకా ఎండిపోతే మొహమాటం లేకుండా ప్లాస్టిక్‌తోనే మొదటి బంతీ వెయ్యాలి. పక్కవాళ్లు నవ్వుతారని జంకే కుర్రాళ్లని చూశాను. మొదటి బంతికి ఎనిమిదీ తొమ్మిదీ పడగొట్టి, ప్రతిసారీ స్పేరు చేసేవాణ్ని చూసి స్కోరుబోర్డు నవ్వదు.

ప్లాస్టిక్ పిల్లలదని ఎందుకు అనుకుంటున్నారో కూడా నాకు తెలుసు. హైదరాబాద్ మాల్‌లోనైనా, ఇక్కడి సెంటర్లోనైనా రాక్ మీద పెట్టే అద్దె బంతులు చాలావరకు పాలియెస్టరే. గీతలు పడి, అంచులు పెచ్చులూడి, వేలి రంధ్రాలు ఎవరికీ సరిపోకుండా ఉంటాయి. సంక్రాంతికి ఇండియా వెళ్లినప్పుడు మనవలు అలాంటి బంతితో ఆడి ప్లాస్టిక్ పనికిమాలినదని తేల్చేశారు. అది పదార్థం తప్పు కాదు, ఆ బంతి వాళ్ల చేతికి కొలిచి తొలిపించింది కాదు, అంతే.

అందుకే కుర్రాడికి చివరికి ఇదే చెప్పాను. ప్రో షాపుకి వెళ్లి చేతి కొలతలు కొత్తగా తీయించుకో. బరువు నీ స్ట్రైకు బంతి ఎంతుంటే అంతే తీసుకో, మరీ అయితే ఒక్క పౌను తగ్గించు. రంగు నీ ఇష్టం. బొటనవేలి రంధ్రం మాత్రం రెండు బంతులకీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండాలి. వేలు ఇరుక్కుందా, వదిలేటప్పుడు చెయ్యి తిరుగుతుంది, ప్లాస్టిక్ అయినా దారి తప్పుతుంది. పాలిష్ పోకుండా చూసుకో, గరుకెక్కితే అది కూడా పట్టు పడుతుంది. మొదటి నెల స్ట్రైకుల జోలికి పోకుండా, లీగుకి గంట ముందొచ్చి మూలనున్న ఆ ఒక్క పిన్ను మీదికే వెయ్యి. జనవరిలో బంతులు కారు డిక్కీలో వదిలెయ్యకు, చలికి రెజిన్ బంతి నిలువునా చీలుతుంది. బుధవారం సాయంత్రం ఐదున్నరకి రమ్మన్నాను, పదకొండో లేను ఖాళీగా ఉంటుంది.