ఎక్కిన కాళ్లకు దిగడం రాలేదు

హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో నలభై దాటిన ఉద్యోగితో డాక్టరు "కాస్త ఒళ్లు వంచండి" అన్నాడంటే చాలు, వారం తిరక్కుండా ఇంటికి సైకిలొస్తుంది. దాని వెనకే హెల్మెట్, వాచీ, కూర్చునే చోట మెత్త కుట్టిన నిక్కరు. ఆ నిక్కరుతో లిఫ్టు దిగి వాచ్‌మన్ ముందునుంచి గేటు దాటడమే తొలివారం వ్యాయామంలో అసలు కష్టం.

ఆ తర్వాతంతా సాఫీ. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల పొడవున తెరిచిన సైకిల్ ట్రాక్, నెత్తిన సోలార్ పలకల కప్పు. పైన కరెంటు పుడుతుంది, కింద చెమట పుడుతుంది. ఆదివారం బృందం తొక్కుడు ముగిసేది మాత్రం నెయ్యి దోసె దగ్గరే. ఖర్చయిన కేలరీలను పైసలతో సహా చెప్పే వాచీ దోసె వైపు చూడను కూడా చూడదు.

ఇలా పిక్కలు గట్టిపడ్డ మనిషికి ఒకరోజు తిరుమల గుర్తొస్తుంది. అలిపిరి దారిలో 3,550 మెట్లు, దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. సైకిల్ పెంచిన ఊపిరి అక్కడ నిజంగానే అక్కరకొస్తుంది. మోకాళ్ల పర్వతం దగ్గర జనం ఆయాసపడుతుంటే అతగాడు వాచీలో గుండె వేగం చూసుకుని మురిసిపోతాడు. "కాస్త పక్కకు జరుగు నాయనా" అంటుంది వెనకనుంచి ఓ పెద్దావిడ. చేతిలో పసుపు, కుంకుమ పొట్లాలు. మెట్టు మెట్టుకీ నడుం వంచి బొట్టు పెట్టి, లేచి, మళ్లీ వంగుతోంది. ఆవిడకు వాచీ లేదు, నిక్కరు అసలే లేదు.

దర్శనమయ్యాక అందరూ బస్సెక్కితే, మనవాడు "దిగడమేగా!" అని నడక అందుకుంటాడు. కథ అక్కడే అడ్డం తిరుగుతుంది.

ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం కుంచించుకుంటూ పనిచేస్తుంది. పెడల్ నేర్పిందీ అదే. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ ఒంటి బరువును ఆపాలి, అంటే బ్రేకు పని. అలవాటు లేని ఆ పనికి కండరం లోపల సూక్ష్మంగా దెబ్బతింటుంది. నొప్పి అప్పటికప్పుడు తెలియదు, ఒకటి నుంచి మూడు రోజుల్లో ముదురుతుంది. అందుకే అలిపిరిలో హుషారుగా సెల్ఫీ దిగినవాడు మర్నాడు మంచం పట్టీ పట్టుకుని లేస్తాడు. ఇండియన్ టాయిలెట్ సంగతి చెప్పకపోవడమే మర్యాద.

పైగా సైకిల్ మీద బరువులో ఎక్కువ భాగం సీటే మోస్తుంది కాబట్టి ఎముకలకు నడకంత పని పడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమతోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం కూడా చెప్పింది. మనవాడు మొదటి సగం చదివి సైకిల్ కొన్నాడు.

ఊరటేమిటంటే, కండరం పాఠం త్వరగానే నేర్చుకుంటుంది. కొద్దివారాల్లో మళ్లీ దిగితే నొప్పి బాగా తగ్గుతుంది. అందుకే ఇప్పుడు రెండు ఆదివారాలకోసారి అనంతగిరి కొండల్లో నడక, చిన్న చిన్న వాలులు దిగడంతో మొదలు. మధ్యలో బాల్కనీలో గుంజీళ్లు. బడిలో మాస్టారు ఉచితంగా తీయించినవే. లెక్కపెట్టే బాధ్యత ఐదో తరగతి చదివే కొడుకుది. వాడు వాచీకన్నా కచ్చితం.

"నాన్నా, మోకాళ్లు పూర్తిగా వంగలేదు. అది లెక్కలోకి రాదు. మళ్లీ మొదట్నుంచి."