తీగ మీద నేను, తీగ కింద పేట

నాకు పేరంటూ లేదు, నంబరే. కొలంబియా దేశంలోని మెడెలిన్ నగరంలో కె లైను మెట్రోకేబుల్ అనే రోప్‌వే మీద తిరిగే డబ్బాల్లో నేనొకదాన్ని. నాలో పదిమంది పడతారు. నన్ను తయారుచేసింది పోమా అనే ఫ్రెంచి కంపెనీ. మా జాతివాళ్లు చాలామంది మంచుకొండల మీద సరదారాయుళ్లను మోస్తూ బతికేస్తారు. నాకు మాత్రం అసెవెదో స్టేషన్లో మెట్రో రైలు దిగి ఇంటికి పోయే పనిమనుషులూ తాపీ మేస్త్రీలూ బడిపిల్లలూ రాసిపెట్టి ఉన్నారు. మంచుకొండల కన్నా ఇదే నయమనుకుంటాను. అక్కడ ఎండాకాలం అంతగా పనుండదు, ఇక్కడ కబుర్లకు కొదవుండదు.

మెడెలిన్ ఒక లోయ. అడుగున నది, నది వెంబడి 1995లో వచ్చిన మెట్రో. రెండువైపులా కొండలు. పల్లెల్లో సాయుధుల పోరు పడలేక మూటాముల్లే సర్దుకొని వచ్చినవాళ్లు ఆ కొండల మీద సొంత చేతులతో ఇటుకలు పేర్చుకొని ఇళ్లు కట్టుకున్నారు. మా లైను చివర ఉండే సాంతో దొమింగో సావియో అలా పుట్టిన పేటే. 1991లో ఈ నగరంలో ప్రతి లక్షమందికి దాదాపు 380 హత్యలు జరిగాయి. గల్లీల్లో కంటికి కనబడని సరిహద్దులుండేవి. ఈ మలుపు దాకా ఒక ముఠాది, ఆ పై మెట్లు ఇంకో ముఠావి. దాటితే ప్రాణానికి పూచీ లేదు. పనికోసం కిందికి దిగాలంటే ఇరుకు మలుపుల్లో బస్సుల మీద గంటలు గంటలు పోయేవి.

రోడ్డు వెడల్పు చెయ్యాలంటే వందల ఇళ్లు కూలగొట్టాలి. తీగకైతే స్తంభాలు నాటే జాగా ఉంటే చాలు. అలా 2004లో నేనొచ్చాను. రెండు కిలోమీటర్ల తీగ, 400 మీటర్ల ఎత్తు, పదినిమిషాల ప్రయాణం. స్టేషన్ రాగానే తీగను వదిలేసి మెల్లగా జారుతూ పూర్తిగా ఆగకుండానే తలుపు తెరుస్తాను. మనుషులు ఎక్కాక మళ్లీ తీగను పట్టుకుంటాను. ముఠాల సరిహద్దులన్నీ నా అడుగున ఉండిపోతాయి. అన్నిటికంటే పెద్ద సంగతి టికెట్టు. రైలుకు కొన్న టికెట్టే నాకూ చెల్లుతుంది. కొండమీద ఉన్న పాపానికి అదనంగా కట్టనక్కర్లేదు.

ఇంతటితో ఆగి ఉంటే నేనొక వింత వస్తువునై మిగిలేదాన్ని. నన్ను తలపెట్టింది ఒక మేయరు, నేను తిరగడం మొదలుపెట్టేసరికి కుర్చీలో ఉన్నది ఇంకో మేయరు, సెర్జియో ఫహార్దో. లెక్కల మేష్టారు. డబ్బున్నవాళ్ల పేటల్లో కట్టేలాంటి మంచి కట్టడాలు పేదల పేటల్లోనే ముందు రావాలన్నది ఆయన పట్టుదల. నా స్తంభాల కింద వరసగా పనులు మొదలయ్యాయి. అందాలూసియా స్టేషను దగ్గర వీధి కాలిబాటలు వెడల్పయ్యాయి, దుకాణాలు వీధివైపు తలుపులు తెరిచాయి. ఎడముఖం పెడముఖంగా ఉన్న రెండు పేటల మధ్య లోయ మీద నడకవంతెన పడింది. బడులు బాగుపడ్డాయి. కొండ కొసన 2007లో నల్లరాళ్ల లాంటి మూడు కట్టడాలతో స్పెయిన్ లైబ్రరీ వెలిసింది, దాని ప్రారంభానికి ఆ దేశపు రాజూ రాణీ వచ్చారు. అయితే గోడల పలకలు ఊడిపడతాయన్న భయంతో ఆ లైబ్రరీని తర్వాత ఏళ్ల తరబడి మూసిపెట్టాల్సి వచ్చింది. గొప్ప కట్టడమే, కట్టుబడే చాల్లేదు.

ఈ పనులు జరిగిన పేటల్లో హత్యల తగ్గుదల, జరగని పేటల్లోకంటే 66 శాతం ఎక్కువని 2012లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఆ ఘనతంతా నాదేనంటే కళ్లు పోతాయి. కొన్ని సాయుధ దళాలు ఆయుధాలు దించడమూ, నగరమంతటా హత్యలు తగ్గుతూ రావడమూ అప్పుడే జరిగాయి.

లోపాలు లేవా? పొద్దున్నే కింద బారులు తీరిన క్యూలు చూస్తే నాకే జాలేస్తుంది. మెరుపులూ పిడుగులూ వస్తే ఆగిపోతాం. 2024 జూన్‌లో మా లైనులోనే ఒక డబ్బా కిందపడి ఒకరు చనిపోయారు, చాలామంది గాయపడ్డారు.

నా దాయాది ఒకడు బ్రెజిల్లో ఉన్నాడు. రియో నగరంలో కొంప్లెక్సో దో అలెమాఁవ్ అనే మురికివాడల కొండల మీద 2011లో తిరగడం మొదలెట్టాడు. వాడూ పోమా బిడ్డే, నాకంటే పొడుగు తీగ, ఆరు స్టేషన్లు. చూడ్డానికి దర్జాగా ఉండేవాడు. 2016లో సర్కారు దగ్గర డబ్బుల్లేక ఆపేశారు. ఇద్దరిదీ ఒకే రకం యంత్రం, ఒకే రకం తీగ. నా కింద ఒక ఊరు తన వీధుల్ని తిరగరాసుకుంది, వాడి కింద ఆ పని అంతగా జరగలేదు.

మీ ఊళ్లో ఎవరైనా రోప్‌వే వేస్తాం, మెట్రో వేస్తాం అని బొమ్మలు పట్టుకొస్తే, స్తంభాల లెక్క తర్వాత అడగండి. వాటి కింద కాలువ ఎక్కడ, కాలిబాట ఎక్కడ, బడి ఎక్కడ, బస్సు దిగినవాడు అదే టికెట్టు మీద ఎక్కొచ్చా అని ముందు అడగండి.