రాస్ప్‌బెర్రీ పలుకు: టీకా తాత్పర్య సహితము

మూలము:
థ్రాటిల్డ్=0ఎక్స్50005

అవతారిక: టీవీ వెనుక దుమ్ములో కూర్చుండి ఇంటిల్లిపాది ఫొటోలను మోయుచున్న రాస్ప్‌బెర్రీ పై 4 అను పేకముక్కంత బోర్డు ఒకనాడు నత్తనడక పట్టెను. గృహస్థుడు, అనగా ఈ టీకాకారుడే, జ్వరమని తలచి ఫ్యాను కొని తగిలించెను. గుణము కనబడలేదు. అంతట టెర్మినల్ తెరచి ‘వీసీజెన్‌సీఎమ్‌డీ గెట్_థ్రాటిల్డ్’ అని నాడి పట్టగా బోర్డు పలికిన పలుకిది.

ప్రతిపదార్థము:
థ్రాటిల్డ్ = వేగమునకు కళ్లెము పడిన సంగతి;
0ఎక్స్ = ఇకపై వచ్చునవి పదహారింటి లెక్కలోని అంకెలు సుమా అను హెచ్చరిక;
చివరి 5 = నాలుగును ఒకటియు; ఒకటి అనగా ఇప్పుడు వోల్టేజి చాలకుండుట, నాలుగు అనగా ఇప్పుడు వేగము తగ్గియుండుట;
నడుమ 000 = మౌనము;
మొదటి 5 = ఆ రెండు బాధలే బూటైనది మొదలు ఎప్పుడో ఒకప్పుడు కలిగియుండుట.

తాత్పర్యము: ‘‘అయ్యా, ఇందాకా ఆకలే, ఇప్పుడూ ఆకలే. అన్నము పెట్టమంటే విసనకఱ్ఱతో విసరుచున్నావు.’’

విశేషము: ఐదు రెండుమార్లు వచ్చినది గనుక పునరుక్తి దోషమని శంకింపరాదు. మొదటిది భూతము, రెండవది వర్తమానము.

పూర్వపక్షము: వేడిచేతనే వేగము తగ్గెనని కొందఱు. అది నిలువదు. ‘మెజర్_టెంప్’ అని అడుగగా 52 డిగ్రీలు చూపెను. వేడివలన కళ్లెము పడుట 80 డిగ్రీల దగ్గఱ గాని మొదలుకాదు.

సిద్ధాంతము: దోషము కేబులుది. ఈ బోర్డుకు తయారీదారులు విధించిన ఆహారము 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు. మనము పెట్టినదో, సొరుగులో దొరికిన పాత ఫోను చార్జరు, దానికి రెండు మీటర్ల సన్నని తీగ. చార్జరు వద్ద 5 వోల్టులు బయలుదేరినను, పని పెరిగి కరెంటు ఎక్కువ లాగినకొలదియు సన్నని రాగి దారిఖర్చులు మినహాయించుకొనును. చేరినది 4.63 వోల్టులకు దిగిన వెంటనే బోర్డు ఫిర్యాదు వ్రాసికొనును. తెరమూల మెఱుపు గుర్తు పలుమార్లు మెఱసినది. టీకాకారుడు దానిని అలంకారమనుకొనెను.

పాఠాంతరము: బోర్డు పని తగ్గించి మరల అడుగగా 0ఎక్స్50000 అను పాఠము దొరికినది. రోగము సగమే కుదిరెనని ఇంట ఆక్షేపణ వచ్చెను. కాదు. వర్తమానము శుద్ధము, మిగిలినది పూర్వకర్మ. అది పునర్జన్మతో, అనగా రీబూటుతో గాని తీరదు. తగిన అడాప్టరు తగిలించి బోర్డును మరల లేపిన పిమ్మట లభించిన 0ఎక్స్0 అనునదే శుద్ధప్రతి.

ఫలశ్రుతి: ఆ సన్నని కేబులు పాఱవేయబడలేదు. ‘‘ఎప్పుడైనా పనికొస్తుందండీ’’ అని ఇల్లాలు చుట్టి సొరుగులోనే పెట్టినది. కావున ఈ టీకకు ద్వితీయ ముద్రణ తప్పదు.